ముందు మంచు, తరువాతే బోర్డు

స్నోబోర్డింగ్ అనగానే స్విట్జర్లాండ్ రిసార్టులు, ఖరీదైన జాకెట్లు, సంపన్నుల శీతాకాల విహారాలు గుర్తుకొస్తాయి. ఈ ఆట పుట్టినప్పుడు ఇవేవీ లేవు. 1965 క్రిస్మస్ రోజున అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో షెర్మన్ పాపెన్ అనే ఇంజనీరు తన కూతుళ్ల ఆట కోసం రెండు స్కీలను పక్కపక్కన బిగించి ఒక పలక తయారుచేశాడు. ముందు భాగాన పట్టుకోవడానికి తాడు కట్టిన ఆ పలక స్నర్ఫర్ పేరుతో పిల్లల ఆటవస్తువుగా బజారుకెక్కింది. ఇంటి పక్కన మంచు కప్పిన గుట్ట ఉంటే ఆడుకోవచ్చు. 1998 నాగానో ఒలింపిక్స్ నాటికి ఆ ఆటే స్నోబోర్డింగ్‌గా ఎదిగి పతకాల పోటీల్లో చేరింది. ఖర్చంతా దాని చుట్టూ తరువాత పేరుకున్నదే. అమెరికాలోని వెయిల్ వంటి పెద్ద రిసార్టులో అప్పటికప్పుడు టికెట్టు కొంటే ఇప్పుడు ఒక్క రోజుకే 300 డాలర్లు దాటుతోంది. ఆ ధర చూసి ఇది మనలాంటివాళ్లకు కాదని అక్కడి మన కుర్రాళ్లే వెనక్కి తగ్గుతుంటే, ఇక్కడివాళ్ల సంగతి చెప్పనక్కరలేదు.

ఇది చవక ఆట అని నేను అనడం లేదు. తెలుగు నేల మీది నుంచి వెళ్లి నేర్చుకోవాలంటే రైలు టికెట్టు మొదలు ప్రతిదీ ఖర్చే. నా వాదనంతా ఆ డబ్బు ఏ వరుసలో పెట్టాలన్నదాని గురించే. ఉన్న కొద్దిపాటి డబ్బుతో ముందు బోర్డు, బూట్లు కొనేసి, మిగిలినదానితో రెండు రోజుల ప్రయాణం పెట్టుకోవడం తలకిందుల లెక్క. ఎందుకంటే ఈ ఆటలో అసలు కష్టమంతా మొదటి రోజుల్లోనే ఉంది. రెండు పాదాలూ ఒకే పలకకు బిగించి ఉంటాయి కాబట్టి తూలినప్పుడు కాలు చాచి నిలదొక్కుకోవడం కుదరదు. వాలు వైపున్న అంచు మంచులో దిగబడిందంటే మనిషి విసురుగా పడతాడు. ముందు మడమల వైపు అంచు మీద నిలబడి మెల్లగా కిందికి జారాలి, తరువాత మునివేళ్ల వైపు అదే పని చేయాలి, ఒక అంచు నుంచి ఇంకో అంచుకు మారుతూ మలుపు తిరగడం ఆ పైన వస్తుంది. వరుసగా కొన్ని రోజులు మంచు మీదే ఉంటే తప్ప ఒంటికి ఇది పట్టుబడదు. రెండో రోజుకే తిరుగు రైలెక్కినవాడికి ఒంటినొప్పులే మిగులుతాయి, కొన్న బోర్డు అటకెక్కుతుంది. ఈ దశలో ఖరీదైన గట్టి బోర్డు సాయపడకపోగా ఇబ్బంది పెడుతుంది, తేలిగ్గా వంగే అద్దె బోర్డే నయం. పాదాన్ని బిగుతుగా పట్టి ఉంచే బూటు మాత్రం అద్దెదైనా ఓపిగ్గా ఏరుకోవాలి. మడమ లోపల లేస్తుంటే ఎంత మంచి కోచ్ చెప్పినా కాలు మాట వినదు.

వరుసగా రోజులు, పక్కన నేర్పే మనిషి: ఈ రెండూ అందుబాటు ధరలో దొరికేది మన దేశంలో ప్రభుత్వ శిక్షణ సంస్థల దగ్గరే. కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ నడిపే స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ ఉంది. మనాలీలో అటల్ బిహారీ వాజ్‌పేయీ పేరిట ఉన్న పర్వతారోహణ సంస్థ, ఉత్తరాఖండ్‌లోని ఔలీలో గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ శీతాకాలంలో కోర్సులు నడుపుతాయి. ఇలాంటి కోర్సుల్లో సాధారణంగా శిక్షణ, పరికరాలు, బస, భోజనం ఒకే ఫీజులో వచ్చేస్తాయి. చిక్కల్లా వీటిలో స్కీయింగ్‌దే పెద్దపీట కావడం. స్నోబోర్డు నేర్పుతారో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి. కుదరకపోతే గుల్మార్గ్‌లో స్థానిక కోచ్‌లు ఉంటారు, పరికరాలు అద్దెకిచ్చే దుకాణాలూ ఉంటాయి. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో భారత్ నుంచి ఆడిన ఒకే ఒక్కడు, స్కీయర్ ఆరిఫ్ ఖాన్, గుల్మార్గ్ కింద ఉన్న టంగ్‌మార్గ్ కుర్రాడే. ప్రయాణం కూడా మునుపటంత భారం కాదు. 2025 జూన్‌లో కట్రా నుంచి శ్రీనగర్‌కు రైలు మొదలైంది. విజయవాడ, వరంగల్ మీదుగా వెళ్లే అండమాన్ ఎక్స్‌ప్రెస్ ఎలాగూ కట్రా దాకా పోతుంది. విమానం బదులు రైలెక్కితే మిగిలే డబ్బుతో మంచు మీద ఇంకో రెండు మూడు రోజులు ఉండవచ్చు.

ఈ వాదనకు ఎదురయ్యే మొదటి అభ్యంతరం పొదుపు పేరుతో ప్రాణం మీదికి తెచ్చుకోవద్దన్నది, అది న్యాయమైనదే. స్నోబోర్డింగ్‌లో కొత్తవాళ్లకు ఎక్కువగా విరిగేది మణికట్టు. పడబోతూ చేతులు చాచడం ఎవరికైనా అసంకల్పితంగా జరుగుతుంది మరి. అందుకే ఏదైనా సొంతంగా కొనాలంటే ముందు కొనాల్సినవి మణికట్టు గార్డులు. తలకు హెల్మెట్, అద్దెదైనా సరే, పెట్టుకోవాల్సిందే. బట్టలకు మాత్రం దుకాణాల చుట్టూ తిరగనక్కరలేదు. లోపల ఇంట్లో ఉన్న ఉన్ని స్వెట్టరు, పైన తడి లోపలికి రానివ్వని అద్దె జాకెట్టు, ప్యాంటు చాలు. జీన్సు, నూలు బనీను వద్దు, నూలు తడిని పీల్చుకుని ఒంటిని చల్లబరుస్తుంది. ఇక గుల్మార్గ్‌లో గోండోలా అనే కేబుల్ కారు ఎక్కి అఫర్వత్ శిఖరం దాకా వెళ్లాలన్న తొందర నేర్చుకునేవాడికి వద్దు. ఆ పై వాలుల్లో హిమపాతాల ముప్పు నిజమైనది, 2023 ఫిబ్రవరి 1న అక్కడే ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. కింద పచ్చిక బయళ్ల మీద పరుచుకునే చిన్న వాలే మొదటి వారానికి తగినది. అక్కడ టికెట్టు ఖర్చూ తక్కువే.

మంచే సరిగ్గా పడనప్పుడు ఇదంతా ఎందుకన్నది రెండో ప్రశ్న. 2024 జనవరిలో గుల్మార్గ్ ఎండుగడ్డితో కనిపించింది. 2025లో మంచు చాలక అక్కడి ఖేలో ఇండియా శీతాకాల క్రీడలను ఫిబ్రవరి నుంచి మార్చికి జరిపారు. ఈ అనిశ్చితి నా వాదనకు అడ్డం కాదు, బలమే. మంచు ఎప్పుడు పడుతుందో తెలియని దేశంలో సొంత పరికరాల మీద పొదుపంతా పోయడం కంటే, తేదీలు మార్చుకునే వీలు ఉంచుకోవడం తెలివి.

మూడోది అన్నిటికంటే బరువైన ప్రశ్న. మంచు పడని రాష్ట్రాలు ప్రజల డబ్బును ఈ ఆట మీద ఎందుకు పెట్టాలి? దీనికి సమాధానం మన దగ్గరే ఉంది. 2014 మే 25న మాలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. నిజామాబాద్ జిల్లాలో వ్యవసాయ కూలీల కుటుంబంలో పుట్టిన గిరిజన బాలిక ఆమె. ఆమెతో పాటు ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ ఎక్కాడు. సాంఘిక సంక్షేమ గురుకులాలు వాళ్లను భువనగిరి కొండ మీదా, ఆ తరువాత డార్జిలింగ్‌లోనూ తయారుచేశాయి. ఆ పిల్లల్లో సత్తా ముందునుంచీ ఉంది, వాళ్లను మంచు దాకా తీసుకెళ్లే చెయ్యి ఒకటి కావాల్సి వచ్చింది. ఒక స్నోబోర్డు కోర్సుకు అయ్యే ఖర్చు ఎవరెస్ట్ యాత్ర ఖర్చులో చిన్న ముక్క. రెండు తెలుగు రాష్ట్రాల గురుకులాలూ ఏటా ఒక చిన్న బ్యాచ్‌ను పైన చెప్పిన శిక్షణ సంస్థలకు పంపవచ్చు. క్రీడా ప్రాధికార సంస్థలు జాకెట్లు, హెల్మెట్లు, మణికట్టు గార్డులు కొని ఉంచి, వెళ్లే ప్రతి బ్యాచ్‌కూ ఇచ్చి తిరిగి తీసుకోవచ్చు. పరీక్షలు అడ్డమవుతాయన్న మాట నిజమే, మంచు బాగా ఉండే ఫిబ్రవరిలో పదో తరగతి, ఇంటర్ పిల్లలు కదలలేరు. కాబట్టి తొమ్మిదో తరగతి పిల్లలతో మొదలుపెట్టి, సంక్రాంతి సెలవులు అయిన వెంటనే జనవరి చివర్లో పంపితే చదువూ చెడదు.