కోతల యాళ్ల జెండా మోసినోని ముచ్చట



మొన్న మా పక్క చేను తమ్ముడొకడు గట్టు మీద కూసోని అడిగిండు. "అన్నా, పార్టీవాళ్లు ప్రచారానికి రమ్మంటున్నరు, పోవాల్నా వద్దా?" అని. నేను 2020ల దుబ్బాక ఉప ఎన్నికల నెల రోజులు తిరిగినోన్ని. వానికి చెప్పింది మీకు గూడ పనికొస్తదని రాస్తున్న. ఏ పార్టీకి తిరిగిన అని మాత్రం అడుగకుండ్రి. చెప్తే కింద అదే లొల్లి నడుస్తది, అసలు ముచ్చట పక్కకు పోతది.

ఆ ఏడు యాదికి చేసుకోండ్రి. ఎమ్మెల్యే సోలిపేట రామలింగారెడ్డి ఆగస్టుల చనిపోయిండు. నవంబర్ 3న పోలింగ్ పెట్టిండ్రు. అంటే ప్రచారమంతా అక్టోబర్‌లనే. లీడర్లకు అక్టోబర్ అంటే ఎలక్షన్, మనకు అక్టోబర్ అంటే వరి కోత, పత్తి ఏరుడు. దానికి తోడు దసరా ముందల కొట్టిన వానలకు వరి పండుకున్నది, పత్తి నల్లవడ్డది. నేను కండువా ఏసుకోని ఊర్లు తిరుగుతుంటె మా ఇంటామె ఒక్కతే కోత మిషను కోసం ఫోన్లు చేసుకుంట, కల్లంల వడ్లు నేర్పుకుంట ఉన్నది. కూలోళ్లు దొరకలే. ఎందుకు దొరుకుతరు? వాళ్లు గూడ మా మీటింగులకే వచ్చిండ్రు. పొద్దంతా వంగి పత్తి ఏరే కంటె, కుర్చీల కూసోని చప్పట్లు కొడ్తె పైసలు, పైన అన్నం. నేను వాళ్లను తప్పు పట్ట. కానీ నా చేన్లకు రావాల్సిన కూలోళ్లను నేనే బండి ఎక్కించి పంపిన అని తెల్వనీకి నాకు వారం పట్టింది. మా ఇంటామెకు ఒక్క పూట పట్టింది.

నా ట్రాక్టర్ గూడ నాలుగు రోజులు తిప్పిన. డీజిల్ పైసలు ఇస్తమన్నరు. ఇప్పటికీ రాలే. అడిగితే "నువ్వు కార్యకర్తవు గద అన్నా" అంటరు. అదే మాట ఫ్లెక్సీలు కొట్టినాయనకు చెప్పమనుండ్రి, చెప్పరు.

ఇంటింటికి తిరిగినప్పుడు మనల్ని ఏమడుగుతరో దేశం సంగతి టీవీల చూసేటోళ్లకు తెల్వది. ఆ వానాకాలం సన్నాలు ఏయమని సర్కారు చెప్పింది, ఏసిండ్రు. పెట్టుబడి ఎక్కువైంది, దోమ వచ్చింది, దిగుబడి తగ్గింది. మద్దతు ధర ఏ గ్రేడుకు 1,888, సాదా రకానికి 1,868. క్వింటాలుకు ఇరవై రూపాయల తేడా. నేను పాంప్లెట్ చేతుల పెడితే ఒక కాక దాన్ని మడిచి చెవుల పుల్ల లెక్క పెట్టుకోని, "ఇండ్ల సన్నొడ్ల రేటు రాసి ఉన్నదా?" అన్నడు. లేదు. మూడు పార్టీల కాయితాలు వాని అర్ర గోడకే ఉన్నయి, మూడింట్లనూ ఫోటోలు పెద్దగ ఉన్నయి.

తొగుట మండలంల వేములఘాట్‌కు పోయిన రోజు ఇంకా యాది ఉన్నది. మల్లన్నసాగర్ కింద మునిగే ఊరు, వందల రోజులు రిలే దీక్షలు చేసిన ఊరు. అక్కడ ఒక అవ్వ అరుగు మీద కూసోని ఉన్నది. నేను దండం పెట్టి మా గుర్తు చెప్పిన. ఆమె అంతా ఇన్నది. ఇని, "ఏస్త గని బిడ్డా, మళ్ల ఎలక్షన్ల ఈడ వచ్చి ఎవల్ని అడుగుతవు?" అన్నది. నాకు నోట మాట రాలే. మాకు ఇచ్చిన ట్రైనింగుల దానికి జవాబు లేదు. ఇప్పుడు ఆ అరుగు నీళ్ల కింద ఉన్నది.

ఇగ ఫలితం సంగతి. నవంబర్ 10న లెక్క వెట్టిండ్రు. 23 రౌండ్లు. బీజేపీ అభ్యర్థి రఘునందన్‌రావుకు 63,352, టీఆర్ఎస్ అభ్యర్థి సోలిపేట సుజాతకు 62,273. తేడా 1,079. పోలింగ్ బూతులు 315. భాగించి చూడుండ్రి, బూతుకు మూడున్నర ఓట్లు కూడ లేవు. ఒక ఇంట్ల అవ్వ, అయ్య, కొడుకు, కోడలు. ఆ ఇల్లు అటుదా ఇటుదా అన్నంత తేడా. చపాతీలు చేసే సామాను గుర్తు కారును పోలి ఉన్నది, ముసలోళ్లు తికమక పడ్డరని టీఆర్ఎస్ వాళ్లు అప్పుడు మొత్తుకున్నరు గూడ. గుర్తును నిమ్మళంగ కూసోని చూపెట్టే మనిషి ఊరికి ఇద్దరుంటె ఆ మొత్తుకునుడు తప్పుతుండె.

అదే మన జిల్లల సిద్దిపేట చూడుండ్రి. 2018ల హరీశ్‌రావు మెజార్టీ 1,18,699. అక్కడ నువ్వు నెల రోజులు తిరిగినా, ఇంట్ల పండుకున్నా లెక్క మారదు. రెండు నియోజకవర్గాల నడుమ గంట తొవ్వ గూడ లేదు. అందుకే ఆ తమ్మునికి మొదట చెప్పింది ఇదే: నీ కష్టం ఎక్కడ లెక్కకు వస్తదో చూసుకో. రాజస్థాన్‌ల సి.పి.జోషి అనే పెద్ద లీడరు 2008ల ఒకే ఒక్క ఓటుతోని ఓడిపోయిండు. అసుంటి చోట్ల ఒక ముసలాయన్ను బూతు దాకా తోల్కపోయినోడు, లక్ష మందిని మీటింగుకు తెచ్చినోని కంటె పెద్దోడు.

నన్నడిగితే, తిరిగిన నెల రోజులల్ల పనికొచ్చిన పని చేసింది ఒక్క రోజే. పోలింగ్ ఏజెంటుగ కూసున్న రోజు. డీజే లేదు, నినాదం లేదు, మూతికి మాస్కు, ఎనుక గోడ. పోలింగ్ కంటె ముందే పోవాలె. మాక్ పోల్ అని కనీసం 50 ఓట్లు ఏసి మిషను సక్కగ ఉన్నదా చూపెడ్తరు. ఆ ఓట్లు తుడిచేసిండ్రా, వీవీప్యాట్‌లకెల్లి ఆ చీటీలు తీసిండ్రా చూడాలె, సీలు మీద సంతకం పెట్టాలె. పొద్దుమూకి అయిపోయినంక క్లోజ్ బటన్ నొక్కుతరు. అప్పుడు ఎన్ని ఓట్లు పడ్డయో రాసిన 17సీ కాయితం నకలు ఏజెంటుకు ఇయ్యాలె. 1961 ఎన్నికల నిబంధనలల్ల ఉన్నది, ఎవలో దయతలిచి ఇచ్చేది కాదు. లెక్కింపు రోజు మిషన్ల వచ్చిన మొత్తం, ఈ కాయితం మీది మొత్తం ఒక్కటి కావాలె. మనోళ్లు చాలామంది ఆకలైతుందని సాయంత్రం నాలుగింటికే లేచి పోతరు, ఆ కాయితం తీసుకోనే తీసుకోరు. ధర్మపురిల 2018ల తేడా 441 ఓట్లు. ఓడినాయన హైకోర్టుకు పోయిండు. కోర్టు కాయితాలు తెమ్మంటె 2023ల స్ట్రాంగ్ రూమ్ తాళంచెవులు దొరకలే. అసుంటప్పుడు నీ జేబుల ఉన్న 17సీ నకలు విలువ ఏందో ఆలోచించుండ్రి.

"రైతుకు రాజకీయం ఎందుకురా" అనే పెద్దమనుషులు మన దగ్గర మస్తుమంది ఉన్నరు. వాళ్ల మాట నేను ఒప్పుకోను. మనం తిరుగకపోతె ఇంటింటికి కాంట్రాక్టర్ల మనుషులు తిరుగుతరు. ఆ కాక అడిగిన సన్నొడ్ల ముచ్చట వాడు పైకి చెప్తడా? నేను చెప్పిన. మండల లీడర్ల ముందట నిలవడి, ఐకేపీ సెంటర్ల తరుగు ఇంత తీస్తున్నరు, గన్నీ సంచులు లేవు, టార్పాలిన్లు లేవు అని చెప్పిన. వాళ్లు రాసుకున్నరు. రాసుకున్నది ఏమైందో మీకు తెలుసు, అయినా చెప్పగలిగిన. ఎందుకంటే రోజుకు ఇంత అని నేను తీసుకోలే. నాతోని తిరిగిన ఇద్దరు తీసుకున్నరు, నాకంటె వాళ్లకే ఎక్కువ నష్టమైంది పంటల, కానీ ఆ రోజు నోరు తెరువలే. తీసుకున్నంక నువ్వు కూలికి పోయినట్టే. కూలికి పోయినోడు ఆసామిని నిలదీస్తడా?

ఒక్కటి మాత్రం నేను తప్పు చేసిన. మా పెద్దబాపు కొడుకు అవతలి పార్టీ. ఇద్దరికీ ఒక్కటే బోరు, మూడు రోజులకోసారి వంతు. ప్రచారంల ఉన్నప్పుడు గ్రూపుల వాని మీద ఒక మెసేజ్ వస్తె, నేను చూడకుండనే పది మందికి పంపిన. పోలింగ్ రోజు ఒకే బూతుల, ఒకే బల్ల మీద ఇద్దరం ఏజెంట్లం. పొద్దంతా పక్కపక్కనే కూసున్నం, ఒక్క మాట లేదు. తర్వాత యాసంగి మొత్తం నా వంతు రోజు వాడు స్టార్టర్ డబ్బకు తాళమేసేటోడు, వాని వంతు రోజు నేను వాల్వు తిప్పేటోన్ని. ఇద్దరి వరి ఎండింది. మే నెలల మోటరు కాలిపోయింది. బోరుకెల్లి మోటరు గుంజాలంటె ఒక్కని తోని కాదు. వాడు వచ్చి ఆ పక్క పైపు పట్టిండు, నేను ఈ పక్క పట్టిన. "ఎత్తురా" అన్నడు. ఆర్నెల్లల్ల అదే మొదటి మాట.

మేము ఎవలి కోసం కొట్లాడినమో ఆ ఇద్దరు లీడర్లు నడుమల ఒక పెండ్లిల పక్కపక్కన కూసోని బువ్వ తిన్నరు. ఫోటో గూడ చూసిన.

కాబట్టి తమ్మునికి పొమ్మనే చెప్పిన. పైసలు ముట్టకు, నీ ట్రాక్టర్ ఇంటికాడనే ఉండనియ్యి, వరి కల్లం దాటినంకనే కండువా ఏసుకో, ఏజెంటుగ కూసోమంటె మాత్రం ఇడువకు, 17సీ చేతికి వచ్చేదాక కుర్చీ దిగకు అన్న. పక్క పార్టీల మీ బావ ఉన్నడు గద, వాని గురించి ఎవడేం పంపినా నీ ఫోన్లనే చావనియ్యి అని గూడ చెప్పిన. వాడు తలకాయ ఊపిండు గని, పైసల ముచ్చట కాడ జెర ఆగిండు. ఇంట్ల అడిగి చెప్తడట.

మీల ఎవలన్న ఏజెంటుగ కూసున్నోళ్లు ఉంటె 17సీ ఇచ్చిండ్రా లేదా కింద రాయుండ్రి. ఇగ ఉంట. ఇయ్యాల వంతు మా అన్నది, తొమ్మిదింటికి వాల్వు తిప్పాలె.