బైపీసీలో చేర్చే ముందు



పదో తరగతి ఫలితాలు రాగానే మన గజ్వేల్‌లో కాలేజీల పీఆర్వోలు ఇల్లిల్లూ తిరుగుతారు. చాలామంది విశ్వాసుల ఇళ్లలో అంతకుముందే నిర్ణయం అయిపోయి ఉంటుంది. "కడుపులో ఉన్నప్పుడే మొక్కుకున్నాం అయ్యగారూ, డాక్టర్‌ను చేస్తామని" అంటారు.

హన్నా కూడా మొక్కుకుంది. కానీ బిడ్డను దేవునికి ఇచ్చేస్తానని మొక్కుకుంది. బిడ్డ వల్ల ఇంటికి పేరు రావాలని కాదు. మన మొక్కుబడుల్లో దేవుని సేవ ఎంత, చుట్టాల ముందు తలెత్తుకోవాలన్న ఆశ ఎంత? తల్లిదండ్రులు నిజాయితీగా తూచి చూసుకోవాలి.

"లెక్కలు రావు కదా, బైపీసీలో వేద్దాం" అనే మాట మరీ ప్రమాదం. నీట్‌లో 720 మార్కులుంటే బయాలజీకి 360, మిగతా 360 ఫిజిక్స్, కెమిస్ట్రీలవే. ఫిజిక్స్ అంటే లెక్కలే. తప్పు జవాబుకు ఒక మార్కు కోత కూడా ఉంది. ఇంటర్ మొదటి సంవత్సరం పాఠాలు కూడా అందులో వస్తాయి గనుక, "సెకండియర్‌లో చూసుకుందాం" అంటే కుదరదు. పిల్లకు కప్ప బొమ్మ గీయడం ఇష్టమైనంత మాత్రాన సరిపోదు. పదో తరగతి భౌతికశాస్త్రం లెక్కలు తనంతట తాను చేయగలదా అని చూడండి.

సిద్దిపేటలో 2018లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది, మంచిదే. కాలేజీ దగ్గరైంది గానీ సీటు దగ్గర కాలేదు. లాంగ్ టర్మ్ కోచింగ్ కోసం ఉన్న ఎకరం అమ్ముకోవద్దని నా మనవి. గురుకుల కాలేజీల్లో బైపీసీ ఉచితంగా చదువుకోవచ్చు. నీట్ రాసేవాళ్లు ఎప్‌సెట్ దరఖాస్తు కూడా తప్పక వేయండి. అగ్రికల్చర్, పశువైద్యం, ఫార్మసీ సీట్లకు అదే దారి. మన రైతు కుటుంబాలకు పశువుల డాక్టర్ విలువ నేను చెప్పాలా?

ఇంకో మాట, కొంచెం కటువుగానే చెబుతాను. చాలా సంఘాల్లో సీటు వచ్చిన పిల్లలను స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పుతారు. రానివాళ్లు వెనక వరుసలో కూర్చుంటారు, కొన్ని వారాలకు ఆ వరుసలో కూడా కనబడరు. "ప్రార్థన చేశారు కదా, ఎందుకు రాలేదు?" అని అడిగేవాళ్లకు ఆ బిడ్డ ఏమని చెప్పాలి? దేవుడే తనను కాదన్నాడని అనుకుంటుంది. ర్యాంకు రాకపోవడం కన్నా ఇది పెద్ద నష్టం. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 4వ అధ్యాయం తీయండి. వైద్యుడైన లూకా, దాసుడైన ఒనేసిము ఒకే అధ్యాయంలో ఉన్నారు. పౌలు ఇద్దరినీ ప్రియులనే పిలిచాడు.

ఈసారి పది పాసైన పిల్లలున్నవాళ్లు ఆదివారం ఆరాధన అయ్యాక మెమోతో రండి. ముందు పిల్లలతో మాట్లాడతాను. అమ్మానాన్నలు కాసేపు బయట వేపచెట్టు కింద కూర్చోవాలి.