అంట్లకూ ఒక లెక్క

వంట దగ్గర ఒకరితో ఒకరు పోటీపడే ఆడవాళ్లను చూశాను గాని, అంట్లు తోమడానికి పోటీపడినవాళ్లను నేనెక్కడా చూడలేదు. వండినవారికి "పులుసు బ్రహ్మాండంగా వుందండీ" అన్న మెప్పయినా దక్కుతుంది. తోమినవారికి దక్కేదల్లా మర్నాడు పొద్దున్నే మళ్లీ అదే గుట్ట!

విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి చుట్టాలు దిగినప్పుడూ, రథసప్తమికి అరసవల్లి వెళ్లే బంధువులు ముందురోజే వచ్చి శ్రీకాకుళంలో మన యింట మకాం పెట్టినప్పుడూ యీ గుట్ట కాస్తా కొండ అవుతుంది. "యీసారి ఆ డిష్ వాషర్ ఏదో కొనేద్దామండీ" అన్న మాట చాలా యిళ్లలో పుట్టేది అలాంటి రోజు సాయంత్రమే. వెంటనే యింటాయన రెండు ప్రశ్నలు వేస్తారు: కరెంటు ఎంత కాలుతుంది? నీళ్లు ఎన్ని పడతాయి? ప్రశ్నలు మంచివే. అయితే తోమే చెయ్యి తనది కాదు గనక ఆయనకి యీ రెండే తోచాయి. మూడోది నేను చివర అడుగుతాను. ముందు యీ రెంటికీ జవాబు చెప్పుకుందాం.

యీ యంత్రం నిన్న మొన్న పుట్టింది కాదు. అమెరికాలో జోసెఫిన్ కొక్రేన్ అనే ఆవిడ 1886లో దీనికి పేటెంటు తీసుకుంది. ఖరీదైన తన పింగాణీ పళ్లాలను నౌకర్లు కడుగుతూ పెచ్చులూడగొడుతున్నారన్న విసుగే దీనికి మూలమంటారు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆ యంత్రాన్ని లోకం చూసింది. మొదట కొన్నది హోటళ్లవారే. యిళ్లలోకి రావడానికి మరి చాలాకాలం పట్టింది.

అది పనిచేసే తీరు తెలిస్తే ఖర్చు తీరు కూడా తెలుస్తుంది. యంత్రం అడుగున కొద్ది లీటర్ల నీళ్లు పట్టి, వేడిచేసి, తిరిగే గొట్టాల కన్నాల్లోంచి గిన్నెల మీదికి చిమ్ముతుంది. కిందికి జారిన నీళ్లనే వడగట్టి మళ్లీ చిమ్ముతుంది. తర్వాత వాటిని బయటికి తోసి, మంచినీళ్లు పట్టి జాడిస్తుంది. అందుకే పన్నెండు, పధ్నాలుగు మంది భోజనం చేసిన కంచాలూ గ్లాసులూ పట్టే యంత్రానికి కూడా పొదుపు పద్ధతిలో తిప్పితే 10, 12 లీటర్ల నీళ్లు సరిపోతాయి. కరెంటు ఒక యూనిట్ అటూ యిటూ. మాడిన జిడ్డు కోసం 70 డిగ్రీల వేడి మీద తిప్పితే అది యూనిట్‌న్నర దాకా పోవచ్చు.

ఆ కరెంటులో ఎక్కువ భాగం తినేది గిన్నెలు తోమే పని కాదు, నీళ్లు కాచే పని. 10 లీటర్ల నీటిని 35 డిగ్రీలు వేడెక్కించాలంటేనే 0.4 యూనిట్ కావాలి. గిన్నెలూ, యంత్రం గోడలూ వేడెక్కడం దానికి అదనం. అయితే యిక్కడ మనకి ఒక చిన్న కలిసివచ్చే సంగతి వుంది. ఐరోపాలో యీ యంత్రాలను పరీక్షించేటప్పుడు 15 డిగ్రీల చన్నీళ్లు పోస్తారు. మన మిద్దెమీది ట్యాంకు నీళ్లు వేసవిలో ఎంత వెచ్చగా వుంటాయో మీకు చెప్పనక్కర్లేదు. ఆ మేరకు మన యంత్రం తక్కువే కాలుస్తుంది.

యిక బిల్లు సంగతి. మన తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థవారి బిల్లు శ్లాబుల మెట్లు ఎక్కుతుందని మీకు తెలుసు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం నెలకి మొదటి 30 యూనిట్లు ఒక్కొక్కటి రూ. 1.90. ఆపైన 75 దాకా 3 రూపాయలు, 125 దాకా రూ. 4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా రూ. 8.75, అది దాటితే రూ. 9.75. సర్దుబాటు ఛార్జీలూ అవీ వేరు. రేట్లు మారుతుంటాయి గనక చేతిలో వున్న మీ బిల్లుతో సరిచూసుకోండి.

రోజుకి ఒక్కసారి తిప్పితే నెలకి సుమారు 30 యూనిట్లు. యీ 30 యూనిట్ల ధర అందరికీ ఒకటి కాదు. కొత్త యంత్రం ఎప్పుడూ మెట్ల వరసలో పై మెట్టు మీదే కూర్చుంటుంది. నెలకి 150 యూనిట్లు వాడే యింట అది 180 రూపాయలు. 210 యూనిట్లు వాడే యింట సగం 6 రూపాయల మెట్టులోనూ, సగం 8.75 మెట్టులోనూ పడి 221 రూపాయలు అవుతుంది. ఏసీ పెట్టుకుని 250 దాటిన యింట 262 రూపాయలు. కాబట్టి "పక్కింటావిడకి యింతే వచ్చిందట" అన్న మాట నమ్మకండి. ఆవిడ మెట్టు వేరు, మీ మెట్టు వేరు.

అయితే కరెంటుని చూసి భయపడేవారు అసలు ఖర్చుని మరిచిపోతారు. యీ యంత్రంలో మామూలు సబ్బు పనికిరాదు. నురుగు పొంగి బయటికొస్తుంది. దాని బిళ్ల వేరు, మెరుపుకి వేసే ద్రవం వేరు, ఉప్పు వేరు. కూరలో వేసే ఉప్పు కాదు. బోరునీళ్లలోని సున్నపు గుణాన్ని విరిచే ఏర్పాటు యంత్రంలో వుంటుంది, దాన్ని మళ్లీ మళ్లీ సిద్ధం చెయ్యడానికి ఆ ఉప్పు. గిన్నెలో కాచిన నీళ్లు తెల్లటి చారలు మిగిల్చే యిళ్లలో ఉప్పు ఎక్కువ పడుతుంది. బిళ్ల 15 రూపాయలనుకుంటే నెలకి 450. యంత్రం 36,000 పెట్టి కొని, అది పదేళ్లు పనిచేస్తుందనుకుంటే నెలకి 300. కరెంటు కలిపితే మొత్తం వెయ్యి రూపాయలకి చేరువ. అందులో కరెంటు వాటా పావువంతే! మీ వూరి కొట్లో ధరలు అడిగి యీ అంకెలు మార్చుకోండి, లెక్క పద్ధతి మాత్రం యిదే.

యిప్పుడు నీళ్లు. జర్మనీలో బాన్ విశ్వవిద్యాలయంవారు యీ శతాబ్దం మొదటి యేళ్లలో ఏడు దేశాలకు చెందిన 113 మందిని కూర్చోబెట్టి, పన్నెండు మంది తిన్న పళ్లాలు చేత్తో కడిగించారు. సగటున 103 లీటర్ల నీళ్లు, రెండున్నర యూనిట్ల కరెంటు, 79 నిమిషాల కాలం పట్టాయి. యంత్రాలు అమ్మేవారికి యీ లెక్క ఎంతో యిష్టం. కాని దీన్ని మన వంటింటికి యథాతథంగా తెచ్చుకోకూడదు. ఆ రెండున్నర యూనిట్లు వేడినీళ్లవి. మనం తోమేది చన్నీళ్లతో. వారికి యంత్రం కరెంటు మిగిలిస్తుంది, మనకి కొత్తగా కాలుస్తుంది. "ట్యాంకులోకి నీళ్లెక్కించే మోటారు కాలదా?" అంటారేమో. 100 లీటర్లను 40 మీటర్ల ఎత్తుకి ఎక్కించడానికి నష్టాలు కలుపుకున్నా యూనిట్‌లో ఇరవయ్యో వంతు చాలు. నీళ్లు తోడడం చవక, కాచడమే ఖరీదు.

అయితే నీటి లెక్క మాత్రం మనకీ వర్తిస్తుంది. నేను మా వంటింటి కుళాయి కింద బకెట్టు పెట్టి గడియారం చూశాను. నిమిషానికి 7 లీటర్లు. కుళాయి వదిలేసి పావుగంట తోమితే 105 లీటర్లు. అదే ఒక తొట్లో సబ్బునీళ్లు, ఒక తొట్లో జాడించే నీళ్లు పెట్టుకుని, రెండోదాన్ని ఒకసారి మార్చుకున్నాను. 25 లీటర్లతో పని తెమిలింది. అంటే కుళాయి కింద తోమే యింట యంత్రం నెలకి 2,800 లీటర్ల దాకా మిగులుస్తుంది. తొట్లు వాడే యింట 400 కూడా మిగలవు. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంవారు యంత్రాలు చేసే వర్ల్‌పూల్ సంస్థ సాయంతోనే 2020లో ఒక పరిశోధన వెలువరించారు. మామూలుగా జనం కడిగే తీరుకంటే యంత్రమే మేలని తేల్చారు, నిజమే. కాని అన్నిటికంటే తక్కువ కాలుష్యం రెండు తొట్ల పద్ధతిదేనని కూడా అందులోనే చెప్పారు. మన అమ్మమ్మలకి ఆ సంగతి పరిశోధన లేకుండానే తెలుసు!

నీళ్లకి బిల్లు తక్కువ గనక విలువా తక్కువనుకోకూడదు. పల్లెల్లో యింటింటికీ కుళాయి యివ్వాలని 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకి 55 లీటర్లు లెక్కగట్టింది. నలుగురున్న యింటికి 220. అందులో 105 అంట్లకే పోతే మిగిలేది ఎంత? కిడ్నీ జబ్బులతో కుమిలిన మన ఉద్దానం పల్లెలకు హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని గొట్టాల్లో తీసుకువెళ్లే సుమారు 700 కోట్ల రూపాయల పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. మంచినీటి చుక్క వెనక ఎంత ఖర్చు వుంటుందో అక్కడివారిని అడిగితే చెబుతారు. తొట్టి నీళ్లకి యింకో సుగుణం కూడా వుంది. పెరట్లో అరటి మొదట్లోకో, చేమ మడిలోకో మళ్లించుకోవచ్చు. యంత్రం బిళ్లలో క్షారం జాస్తి. ఆ నీళ్లు మొక్కలకి పొయ్యకండి.

మరి గిన్నెల సంగతో? పన్నెండు మంది లెక్క పళ్లాలూ గ్లాసులూ తినే దేశాలది. మన కుక్కరు, అన్నం గుండిగ, పులుసుగిన్నె పెట్టేసరికి అరలు నిండిపోతాయి. రెండోసారి తిప్పితే పై లెక్కలన్నీ రెట్టింపు. సగం నింపి తిప్పినా ఖర్చు యించుమించు మొత్తానిదే. పైగా అల్యూమినియం గిన్నెలు అందులో నల్లబడతాయి. అట్లపెనం నూనె పట్టు వదిలి తుప్పు పడుతుంది. శ్రీకాకుళం జిల్లా బుడితి కంచరివారు చేసిన ఇత్తడి, కంచు సామాను పుట్టింటి నుంచి తెచ్చుకున్న అదృష్టవంతులు మీలో వుంటే దాన్ని పొరపాటున కూడా యంత్రంలో పెట్టకండి, కళ తప్పుతుంది. దానికి చింతపండూ కొబ్బరిపీచే సరి. చింతపండు పులుపు చిలుమును తినేస్తుంది, లోహాన్ని మెరిపిస్తుంది.

ఒకవేళ కొంటే, గిన్నెలోని మెతుకులు గరిటెతో తుడిచి పెట్టండి. కుళాయి కింద ఒకసారి కడిగి పెడితే మిగిలిన నీళ్లన్నీ అక్కడే పోతాయి. నిండాకే తిప్పండి. పొదుపు పద్ధతి మూడు గంటలు పట్టినా అదే వాడండి. గిన్నెలకి తొందరేముంది? తొట్లు మాత్రం పారెయ్యకండి. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు మన జిల్లాల్లో రోజుల తరబడి కరెంటు లేని వూళ్లు ఎన్నో. ఆనాడు యంత్రం ఉత్త బీరువా.

యిక నా మూడో ప్రశ్న. యిన్నాళ్లూ ఆ అంట్లు తోమిన చేతులు ఎవరివి, వాటి కాలానికి లెక్క ఎవరు కట్టారు? 2019లో కేంద్రప్రభుత్వం దేశమంతటా కాలవినియోగ సర్వే జరిపింది. యింటిపని చేసేవారిలో స్త్రీ రోజుకి సగటున 299 నిమిషాలు, పురుషుడు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని తేలింది. నెలకి వెయ్యి రూపాయలంటే రోజుకి 33 రూపాయలు. ఆ డబ్బుతో ముప్పావుగంట విశ్రాంతి, నడుం నొప్పి నుంచి విడుదల కొనుక్కోవడం దుబారా అని నేననను. కాని "కరెంటు మిగులుతుంది, నీళ్లు మిగులుతాయి" అని మనల్ని మనం మభ్యపెట్టుకుని కొనక్కర్లేదు. మిగిలేది మీ కాలం. అందుకోసమే కొంటున్నానని చెప్పి కొనండి, అది సిగ్గుపడే మాట కాదు.

పాచిపనికి మనిషి వున్న యిళ్లవారికి మరో మాట. యంత్రం వచ్చిన నెలలోనే ఆమెను మానిపించెయ్యకండి. పెద్ద గిన్నెలు, యిత్తడి, యిల్లు తుడవడం ఎలాగూ మిగిలే వుంటాయి. మీ యింటి జీతం మీద ఆమె పిల్లల ఫీజు లెక్క నడుస్తూ వుండవచ్చు.

వెయ్యి రూపాయలు యిప్పట్లో కుదరదనుకునేవారికి, కరెంటు అక్కర్లేని, ఉప్పు అడగని, శ్లాబు మార్చని ఉపాయం ఒకటుంది. రెండు తొట్లు, రెండు జతల చేతులు. ఒకరు తోమితే ఒకరు జాడించడం. రెండో జత ఎవరిదో యింటాయన యీ పుట దాకా చదివి వుంటే ఆయనకే తెలుస్తుంది.