రోలర్ రాయి కాకముందే...

పండక్కి ఇల్లు మెరిసిపోతోంది. గోడలకు కొత్త రంగు, గుమ్మానికి పచ్చని తోరణం. మరి మెట్ల కింద బకెట్లో పడేసిన రోలర్ సంగతేమిటి? నాలుగు రోజులు గోడలన్నీ చుట్టబెట్టిన రోలర్ ఈపాటికి ఎండి, గడ్డకట్టి, నేలకేసి కొడితే ఠంగుమనేలా తయారై ఉంటుంది. వచ్చే ఏడాది ప్రహరీకి వేద్దామని తీస్తే చెత్తబుట్టకు తప్ప ఎందుకూ పనికిరాదు. పని ముగిసిన రోజే ఓ పావుగంట కేటాయిస్తే అదే రోలర్ ఇంకో నాలుగైదుసార్లు గోడెక్కుతుంది.

ఒకప్పుడు మన పల్లెల్లో మోదుగ వేరునో, ఈత మట్టనో దంచి చేసిన కుంచెతో సున్నం వేసేవారు. పనయ్యాక నీళ్లలో జాడించి చూరులో చెక్కితే సరి. పాడైపోతే పొయ్యిలోకి! రోలర్ అలా కాదు. కెనడాలోని టొరంటోకు చెందిన నార్మన్ బ్రేకీ 1940లో దీన్ని తయారుచేశాడని చెబుతారు. ఇప్పుడు దుకాణాల్లో దొరికే రోలర్ల మీది నూగు చాలావరకు పాలిస్టర్, నైలాన్ లాంటి దారాలదే. అంటే ప్లాస్టిక్. మట్టిలో పడేసినా కుళ్లదు. అందుకే దాన్ని ఎన్నిసార్లు వాడుకోగలిగితే అంత మేలు... జేబుకూ, ఊరికీ.

ఎందుకు గడ్డకడుతుంది?

ఎమల్షన్ రంగులో కంటికి కనిపించని జిగురు రేణువులు నీళ్లలో తేలుతూ ఉంటాయి. నీరు ఆవిరైపోగానే అవి ఒకదానికొకటి అతుక్కుని పొరలా మారతాయి. ఆ తర్వాత ఎన్ని నీళ్లు పోసినా కరగవు. గోడను తడిగుడ్డతో తుడిచినా రంగు రాకపోవడానికి కారణం ఇదే. గోడ మీద వరమైన ఈ గుణమే రోలర్‌కు శాపం. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే నిజామాబాద్ లాంటి చోట ఇది మరీ తొందరగా జరిగిపోతుంది. భోజనం చేసొచ్చి కడుగుదామనుకుంటే అప్పటికే అంచులు బిగుసుకుంటాయి.

ముందు రంగు... తర్వాతే నీళ్లు

చాలామంది చేసే పని, రోలర్‌ను నేరుగా కుళాయి కింద పెట్టడం. దానివల్ల నూగులో ఉన్న రంగంతా నీళ్లపాలవుతుంది. ముందుగా రోలర్‌ను పాత వార్తాపత్రిక మీదో, ఇంకా రంగు వేయని గోడ మూలలోనో నాలుగుసార్లు దొర్లించండి. తర్వాత డబ్బా మీద నిలబెట్టి, లప్పం పట్టే బ్లేడుతో పై నుంచి కిందికి గీకండి. చిన్న గ్లాసుడు రంగు తిరిగి డబ్బాలోకి వచ్చిందంటే ఆశ్చర్యపోకండి. కిటికీ పక్కన ఎక్కడైనా గోడ గీసుకుపోతే అద్దడానికి అదే అక్కరకొస్తుంది.

ఇప్పుడు మూడు బకెట్లలో సగానికి నీళ్లు పట్టండి. మొదటి దానిలో గిన్నెలు తోమే సబ్బు కాస్త కలపండి. పిడి నుంచి రోలర్ తొడుగును ఊడదీసి అందులో ముంచి, చేత్తో పిసుకుతూ రంగును వదిలించండి. రెండో బకెట్లో మళ్లీ పిసకండి. మూడో దానిలో జాడించండి. చివరి నీళ్లు దాదాపు తేటగా ఉంటే పని పూర్తయినట్టే. నూగు మొదట్లో రంగు దాగి ఉంటుంది కాబట్టి వేళ్లతో విడదీసి చూడటం మరవొద్దు.

ఆ నీళ్లెక్కడికి?

ఇదే అసలు ప్రశ్న. నిజాంసాగర్ కింద బతికేవాళ్లకు నీటి విలువ ఒకరు చెప్పక్కర్లేదు. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టు నీళ్లే బోధన్ చుట్టూ చెరకు తోటల్ని పెంచాయి, 1937లో చక్కెర ఫ్యాక్టరీకి ఊపిరి పోశాయి. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఆ వెంటనే వచ్చిన 2016 ఎండాకాలంలో మంజీర ఎండిపోయి సింగూరు, నిజాంసాగర్ అడుగంటడం కళ్లారా చూశాం. అలాంటి చోట ఒక్క రోలర్ కోసం కుళాయి విప్పి వదిలేయడం భావ్యమా? మూడు సగం బకెట్లతో అయ్యే పని అది.

రంగు కలిసిన నీళ్లను మోరీలో పారబోస్తే వాగులో, చెరువులో తేలతాయి. బావి దగ్గరో, బోరు పక్కనో పోస్తే భూమిలోకి దిగుతాయి. మొదటి రెండు బకెట్ల నీళ్లలో చెంచాడు పటిక పొడి కలిపి ఒక రాత్రి కదపకుండా ఉంచండి. రంగు చాలావరకు ముద్దకట్టి అడుగుకు చేరుతుంది. పై తేటను మెల్లగా వంపేసి, అడుగున మిగిలినదాన్ని పాత గుడ్డలో వడగట్టి ఎండబెట్టండి. ఎండిన ముద్దను విడిగా కవర్లో కట్టి చెత్త బండికి ఇవ్వండి. ఖాళీ రంగు డబ్బాలను 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు ఇంట్లోని ప్రమాదకరమైన చెత్త కింద లెక్కగట్టాయి. వాటిని తడి చెత్తలో కలపకూడదు. కడిగేసి తాగునీళ్లకూ, బియ్యానికీ వాడటం అంతకన్నా తప్పు.

సిమెంటు రంగైతే...

బయటి గోడలకు వేసే సిమెంటు రంగుతో మరింత జాగ్రత్త అవసరం. ఎమల్షన్ రోలర్‌ను కాసేపు నీళ్లలో ఉంచితే గట్టిపడదు. సిమెంటు అలా కాదు. అది గట్టిపడేదే నీళ్లతో! బకెట్లో ముంచి ‘రేపు చూద్దాంలే’ అనుకుంటే రేపటికి రాయే. పని ఆపిన నిమిషమే కడగాలి. ఉన్ని రోలర్ ఉంటే సున్నానికి వాడొద్దు. సున్నం ఘాటు ఉన్నిని తినేస్తుంది.

ఎనామిల్ అయితే...

తలుపులకు, కిటికీ చువ్వలకు వేసే ఎనామిల్‌కు నీళ్లు పనిచేయవు. టర్పెంటాయిల్ కావాలి. రోలర్ చిన్నదైతే, దాన్ని కడగడానికయ్యే టర్పెంటాయిల్ ఖర్చు కొత్త రోలర్ ధరను మించిపోవచ్చు. అందుకే చిన్న పనులకు బ్రష్షే మేలు. కడగాల్సి వస్తే పాత మగ్గులో కొద్దికొద్దిగా రెండు మూడుసార్లు పోసి పిసకండి. వాడిన టర్పెంటాయిల్‌ను మూత ఉన్న సీసాలో పోసి ఉంచితే రెండు మూడు రోజుల్లో రంగు అడుగుకు దిగుతుంది. పై తేటను మరోసారి కడగడానికి వాడుకోవచ్చు. సీసా మీద పేరు రాసి, పిల్లలకు అందకుండా పెట్టండి.

ఈ పని వంటగదికి దూరంగా, గాలి ఆడే చోట చేయాలి. దగ్గర్లో పొయ్యి, బీడీ, దీపం ఉండకూడదు. మన ఎండాకాలపు వేడికే టర్పెంటాయిల్ ఆవిరి అంటుకునేంతగా లేస్తుంది. నూనె రంగు తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయొద్దు. లోపల వేడి పుట్టి వాటంతటవే రాజుకోవచ్చు. ఆరుబయట పరిచి ఆరబెట్టాకే పారేయాలి. చేతికంటిన రంగుకు కిరోసిన్ రుద్దేవాళ్లు ఎక్కువ. కొబ్బరినూనె రాసి, గుడ్డతో తుడిచి, సబ్బుతో కడుక్కుంటే చర్మం పగలదు.

అటక మీద పాత ఎనామిల్ డబ్బాలుంటే వాటి జోలికి పోకండి. ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందువాటిలో ఎంత ఉందో ఎవరు చూశారు? సీసం పసిపిల్లల మెదడుకు చేటు.

పని మధ్యలో ఆపితే

పొద్దున మళ్లీ అదే రంగు వేయాలా? అయితే రాత్రికి కడగక్కర్లేదు. రోలర్‌ను రంగుతో పాటే ప్లాస్టిక్ కవర్లో పెట్టి, గాలి చొరకుండా దారంతో బిగించి నీడన ఉంచండి. గాలి తగలకపోతే ఎమల్షన్ ఆరదు. ఇది ఎమల్షన్, ఎనామిల్ రోలర్లకే గానీ సిమెంటు రంగుకు కాదు. ఫ్రిజ్‌లో పెట్టమని చెప్పేవాళ్లూ ఉన్నారు. తిండి ఉండేచోట రంగెందుకు?

ఆరబెట్టడం, దాచడం

కడిగిన తొడుగును పిండి, ఖాళీ బకెట్లోకి వంచి గట్టిగా విదిలించండి. పాత దువ్వెనతో నూగును ఒకే వైపు దువ్వి, నీడన నిలువుగా నిలబెట్టండి. పడుకోబెడితే ఒక పక్క నూగు అణిగిపోతుంది. మళ్లీ వాడినప్పుడు గోడ మీద చారలు పడతాయి. పిడిని తుడిచి, తిరిగే ఇరుసు దగ్గర ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేయండి. తుప్పు పట్టదు, కీచుమనదు. పూర్తిగా ఆరాకే కాగితం చుట్టి మేకుకు తగిలించండి. తడి ఉండగా కవర్లో పెడితే బూజే.

మరోమాట. మేస్త్రితో కూలి మాట్లాడుకునేటప్పుడే సాయంత్రం సామాన్లు కడుక్కోవడానికి ఒక అరగంట పనివేళల్లోనే లెక్కగట్టండి. ఆయన రోలర్ బాగుంటేనే మీ గోడ నున్నగా వస్తుంది. చీకటి పడ్డాక హడావుడిగా కడిగితే నీళ్లు మోరీ పాలు, రోలర్ చెత్త పాలు!