తెలుగు గొంతుకకు పర్మిటు కావలెనా?

సాలూరు లారీల ఊరు. ఇచ్చట బండి కట్టించువానిని గాని, నడుపువానిని గాని, సరకు కుదుర్చువానిని గాని అడిగినచో పర్మిటు అను మాటకు అర్థము క్షణములో చెప్పగలడు. ఊరు దాటి, ఘాటు రోడ్డెక్కి, సుంకి దగ్గర ఒడిశాలో ప్రవేశించు లారీకి తగిన కాగితములు ఉండవలెను. లేనిచో చక్రము కదలదు. ఇనుము, సిమెంటు, ధాన్యము బరువుగల వస్తువులు. అవి రోడ్డును అరగదీయును. కనుక వాటికి పన్నులు, పర్మిట్లు ఉండుటను ఎవరును తప్పుపట్టరు. కాని బరువే లేని మనిషి గొంతుకకు కూడ పర్మిటు కావలెనా? కావలెననియే విదేశములలోని తెలుగు శ్రోతల అనుభవము చెప్పుచున్నది.

గడచిన పదేండ్లలో తెలుగు పుస్తకము చెవికెక్కినది. చదువుటకు తీరిక లేనివారు వంట చేయుచునో, బండి నడుపుచునో, సాయంకాలపు నడకలోనో చేతిఫోను ద్వారా కథలు, నవలలు వినుచున్నారు. అమెరికాలో 1995లో పుట్టిన ఆడిబుల్ అను సంస్థను 2008లో అమెజాన్ కొనివేసినది. 2018లో అది భారతదేశమున ప్రత్యేకముగా దుకాణము తెరచినది. స్వీడనుకు చెందిన స్టోరీటెల్ అంతకు ఒక సంవత్సరము ముందే ఇచ్చట అడుగుపెట్టినది. మనవారే తెలుగు కొరకు నెలకొల్పుకొన్న దాసుభాషితము వంటి సేవలును ఉన్నవి. వీటన్నిటికి మూలసూత్రము ఒక్కటే: నెలకు గాని ఏడాదికి గాని ఇంత అని చందా కట్టవలెను, కట్టినంతకాలము వినవచ్చును.

చందా అను మాట మన ఇండ్లకు కొత్తది కాదు. చందా కట్టిన పత్రిక పాతబడినను ఇంటనే ఉండును. తుదకు పప్పు పొట్లము కట్టుటకైనను అక్కరకు వచ్చును. ఈ కొత్త చందా అట్టిది కాదు. ఆడిబుల్‌లో నెలకొక క్రెడిట్టు అని ఇచ్చి, దానితో తీసికొన్న పుస్తకమును చందా మానిన తరువాత కూడ విననిచ్చుదురు. కాని చందాదారులందరికి తెరచిన అరలోని పుస్తకములు చందా ఆగిన నాడే మూతపడును. కొన్ని సేవలలోనైతే ఉన్నదంతయు అట్టి అరయే. పుస్తకమును కొనుటకును, వినుటకు అనుమతి పొందుటకును గల భేదము ఇదియే. ఈ భేదము స్వదేశపు శ్రోతకు అంతగా తెలియదు. సముద్రము దాటినవానికి మొదటి నెలలోనే తెలియును.

సాలూరు నుండి పోయి డల్లాసు నగరములో స్థిరపడిన ఒక కుటుంబమును ఊహింతము. ఇంట తెలుగే మాటలాడుదురు. పదేండ్ల బాలిక అమ్మమ్మతో ఫోనులో చక్కగా మాటలాడును. కాని అక్షరములు గుర్తింపలేదు. సిలికానాంధ్ర మనబడి వంటి సంస్థలు 2007 నుండి అచ్చటి పిల్లలకు వ్రాత, చదువు నేర్పుచున్నవి. అయినను అందరు పిల్లలును బడికి పోవుట లేదు, పోయినవారందరును నవల చదువునంతటి వారగుట లేదు. ఆ బాలికకు తెలుగు సాహిత్యములోనికి తెరచియున్న ద్వారము చెవి ఒక్కటే. అమ్మమ్మ సాలూరులో ఒక కథ విని, “నీవును విను” అని పేరు చెప్పును. ఇంటిలోని అమెరికా ఖాతాలో వెదకినచో ఆ పేరే కనబడకపోవచ్చును. కనబడినను “మీ ప్రాంతమున లభ్యము కాదు” అని సమాధానము రావచ్చును. పుస్తకమున్నది, యంత్రమున్నది, చేతిలో సొమ్మున్నది, లేనిది కాగితము.

ఆ కాగితము కథ ఉపాధ్యాయులు తెలిసికొనదగినది. పుస్తకముపై హక్కు ఒక్కటి కాదు, హక్కుల మూట. అచ్చువేయు హక్కు వేరు, అనువదించు హక్కు వేరు, చదివి ధ్వనిముద్రణ చేయు హక్కు వేరు. వీనిలో ప్రతిదానిని దేశదేశమునకు విడదీసి అమ్మవచ్చును. మన కాపీరైటు చట్టము 19వ సెక్షను ప్రకారము రచయిత ప్రచురణకర్తకు హక్కు వ్రాసియిచ్చునపుడు కాలము చెప్పనిచో అది ఐదు సంవత్సరములే అని భావింపవలెను. ఏ ప్రాంతమునకో చెప్పనిచో భారతదేశమునకే అని భావింపవలెను. 2012లో చట్టమును సవరించుచు మరియొక మాట చేర్చిరి: ఒప్పందము నాటికి వ్యాపారములో లేని కొత్త సాధనమునకు, దానిని పేరుపెట్టి చెప్పిననే తప్ప, ఆ హక్కు సంక్రమింపదు.

ఈ నిబంధనలు రచయితను కాపాడుటకు పెట్టినవి, వానిని నిందింపరాదు. కాని వాని ఫలితమును చూడుడు. మన ప్రచురణరంగమున ఎన్నో హక్కులు ఒక ఉత్తరము మీదనో, నోటిమాట మీదనో చేతులు మారినవి. “అచ్చువేసికొనుడు” అని రచయిత వ్రాసిన ఆ ఒక్క వాక్యములో డల్లాసు లేదు, దోహా లేదు, ఆడియో అను మాట అసలే లేదు. ఈనాడు ఆడియో సంస్థ వచ్చి ప్రపంచమంతటికి హక్కు అడిగినచో, తన చేత లేని హక్కును ప్రచురణకర్త ఎట్లు ఇయ్యగలడు? వారసులను వెదకవలెను. వారు నలుగురై నాలుగు ఊళ్లలో ఉందురు. మూడు వందలమంది వినెదరో లేదో తెలియని పుస్తకమునకు ఇంత శ్రమ ఏ వ్యాపారి పడును? అందుచేత ఇండియా వరకు అనుమతి తీసికొని ఊరకుండుటయో, పుస్తకమునే విడిచిపెట్టుటయో జరుగును. దూరదేశపు శ్రోత దీనిని సంస్థ అహంకారమనుకొనును. తరచుగా అది మన ఇంటి బీరువాలోని అలసత్వము.

సంస్థలకు తమ లెక్క లేకపోలేదు. ఒకే పుస్తకమునకు ఇచ్చట రూపాయలలో తక్కువ వెల, అచ్చట డాలర్లలో ఎక్కువ వెల పెట్టుదురు. గోడ లేనిచో అందరును రూపాయల దుకాణమునకే వచ్చెదరని వారి భయము. ఆ భయము న్యాయమైనదే. కాని డాలర్లు ఇచ్చెదనన్నవానికి కూడ పుస్తకము దొరకనపుడు ఆ న్యాయము అతనికి అన్వయింపదు. అట్టివాడు ఏమి చేయును? దొంగతనముగా ఎవరో ఇంటర్నెట్టులో పెట్టిన ప్రతిని వినును. రచయితకు గాని, చదివినవానికి గాని దమ్మిడీ రాదు. కొందరు తాము ఇండియాలో ఉన్నట్లు యంత్రమును నమ్మించు ఉపాయములు పన్నుదురు. అది ఒప్పందమునకు విరుద్ధము. పట్టుబడిన నాడు ఖాతా పోవచ్చును.

సొమ్ము చెల్లించుట మరియొక గుమ్మము. పై చదువులకు పోయిన విద్యార్థి తొలినాళ్లలో మన బ్యాంకు కార్డునే వాడును. 2021 అక్టోబరు 1 నుండి అమలగుచున్న రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారము, నెలనెల తనంతట తానే సొమ్ము పోవు ఏర్పాటుకు కార్డుదారుడు ముందు ప్రత్యేకముగా అనుమతి నమోదు చేయవలెను. ప్రతి చెల్లింపునకు 24 గంటల ముందు అతనికి తెలియజేయవలెను. ఇది మోసములను అరికట్టు మంచి ఏర్పాటే. కాని ఆ అనుమతికి వచ్చు ఓటీపీ సాలూరులో తీసికొన్న సిమ్ముకు పోవును. ఆ సిమ్ము మూతపడి సొరుగులో ఉండును. 2023 జనవరిలో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషను పది దేశముల ఫోను నంబర్లతో ప్రవాసుల ఖాతాలకు యూపీఐ సౌకర్యము అనుమతించినది. అమెరికా, బ్రిటను, సింగపూరు, సౌదీ అరేబియా, ఖతారు, ఒమాను నాటి జాబితాలో ఉన్నవి, కువైటు లేదు. శ్రీకాకుళం జిల్లా నుండి గల్ఫు దేశములకు కూలికి పోవువారి సంగతి తెలిసినవారికి ఆ లోపము చిన్నదిగా తోచదు. పగలెల్ల ఇనుము అతికి రాత్రి గదిలో నడుము వాల్చినవానికి కన్నులు మూసికొని వినదగిన తెలుగు కథ విలాసము కాదు.

ఈ గోడలు ఎంత బలమైనవో 2009 జూలైలో లోకమునకు తెలిసినది. అమెజాన్ కిండిల్ యంత్రములపై జార్జి ఆర్వెల్ నవలలు రెండింటిని జనులు సొమ్మిచ్చి కొనిరి. అమ్మినవానికి అమెరికాలో ఆ హక్కు లేదని తరువాత తేలినది. ఆస్ట్రేలియా వంటి దేశములలో ఆ పుస్తకములపై హక్కు అప్పటికే ముగిసినది, అమెరికాలో ముగియలేదు. సంస్థ దూరమునుండియే ఆ ప్రతులను తుడిచివేసి సొమ్ము తిరిగి ఇచ్చినది. తుడిచిన పుస్తకములలో ఒకటి, ప్రభుత్వము పాత పత్రికలను మార్చి వ్రాయించు కథ గల ‘1984’! పాఠశాల పనికై తాను వ్రాసికొన్న గమనికలు నిరుపయోగమైనవని ఒక విద్యార్థి న్యాయస్థానమున కెక్కెను. సంస్థ అధిపతి క్షమాపణ చెప్పెను. అయినను నేర్వవలసిన విషయము మిగిలినది: మన అరలో ఉన్నదనుకొన్న పుస్తకము నిజమునకు వారి అరలోనే ఉన్నది.

పూర్వము ఇట్లు లేదు. సాలూరు ప్రక్కనున్న శివరామపురమున 1922లో జన్మించిన సాలూరి రాజేశ్వరరావు బాల్యముననే గ్రామఫోను రికార్డులకు పాడెను. 1935లో ‘శ్రీకృష్ణలీలలు’ చిత్రమున కృష్ణుడై నటించెను. ఆ రికార్డు కొన్నవాడు దానిని పెట్టెలో పెట్టుకొని ఓడ ఎక్కి రంగూను పోయినచో, “ఈ పాట బర్మాలో పాడరాదు” అని పెట్టె మొరాయించెడిది కాదు. విదేశమునందే తెలుగు శ్రవణ పుస్తకము వెలసిన ఉదాహరణము కూడ కలదు. 1981లో గూటాల కృష్ణమూర్తి లండనులో ‘మహాప్రస్థానము’ను శ్రీశ్రీ చేతివ్రాతతోనే అచ్చువేయించి, కవి స్వయముగా చదివిన క్యాసెట్టును దానికి జతపరచిరి. ఆ క్యాసెట్టు ఎవరి పెట్టెలో పడి ఏ దేశము చేరినను శ్రీశ్రీ గొంతుక పలికినది. నలువది యేండ్ల తరువాత, ధ్వని వెలుగువలె పరుగెత్తు కాలమున, ఆ స్వేచ్ఛ తగ్గినదే గాని పెరుగలేదు.

ఉత్తరాంధ్రకు ఇందులో ఇతరులకంటె అధికమైన నష్టమున్నది. గురజాడ, చాసో, రావిశాస్త్రి, కాళీపట్నం రామారావు వ్రాసిన భాషలో సగము చెవికొరకే ఉన్నది. ‘ఏటి’, ‘గుంటడు’, ‘బుగత’ అను మాటలను అచ్చులో చూచుట వేరు, విజయనగరపు యాసలో వినుట వేరు. అమ్మమ్మ నోట విన్న యాస పుస్తకములో కూడ ఉన్నదని తెలిసినచో ప్రవాసపు బాలిక తన ఇంటి మాటకు సిగ్గుపడదు. వ్యాపారసంస్థ ఒక్క పాఠకునితో తెలుగు పుస్తకములన్నిటిని చదివించినచో ఆ యాస ముందుగా రాలిపోవును. పైగా చాసో 1994లో, రావిశాస్త్రి 1993లో కాలధర్మము చెందిరి. రచయిత మరణించిన తరువాత 60 సంవత్సరములు హక్కు నిలుచును గనుక వారి రచనలు 2053, 2054 వరకు వారసుల సమ్మతి మీదనే ఆధారపడియుండును. 2021లో గతించిన కారా మాస్టారి ‘యజ్ఞం’ 2081 వరకు. నేటి పదేండ్ల బాలిక అప్పటికి ముదుసలి.

సరిహద్దులు దాటుట అసాధ్యమేమీ కాదు. అంధుల కొరకు లోకము ఆ పని చేసియున్నది. 2013లో మరాకేషులో కుదిరిన ఒడంబడిక, చూపు లేనివారికై తయారైన శ్రవణ పుస్తకములను దేశమునుండి దేశమునకు పంపుకొనుటకు అనుమతించుచున్నది. 2014లో దానిని మొట్టమొదట ధ్రువీకరించిన దేశము భారతదేశమే; 2016లో అది అమలులోనికి వచ్చినది. ఆ సంవత్సరమే మనకు సుగమ్య పుస్తకాలయము ఏర్పడినది. తమ తరగతిలో చూపు మందగించిన విద్యార్థి ఉన్న ఉపాధ్యాయులు ఈ పేరును గుర్తుంచుకొనవలెను. చూపున్న శ్రోత కొరకు అట్టి ఒడంబడిక వచ్చునని ఆశింపలేము, వ్యాపారము ఒప్పదు.

అయినను ఒక అర ఎవ్వరి పర్మిటును కోరదు. గురజాడ 1915లో గతించిరి. 1909లో వెలువడిన ‘కన్యాశుల్కము’ రెండవ కూర్పు, 1910 నాటి ‘దిద్దుబాటు’ ఇచ్చట స్వేచ్ఛా గ్రంథములు. ప్రచురణ జరిగి 95 సంవత్సరములు దాటినందున అమెరికాలోను అంతే. సాలూరులోని ఏ ఉన్నత పాఠశాలలోనైనను తెలుగు ఉపాధ్యాయుడు, స్పష్టముగా పలుకు నలుగురు విద్యార్థులు, నిశ్శబ్దమైన ఒక గది, ఒక ఫోను ఉన్నచో ‘దిద్దుబాటు’ ఒక ఆదివారమున పూర్తియగును. అయితే చదివినవారికి తమ గొంతుకపై, ముద్రించినవారికి ఆ ముద్రణపై చట్టము ప్రత్యేకముగా హక్కు నిచ్చుచున్నది. కనుక పని ముగిసిన వెంటనే ఒక కాగితముపై, ఈ ధ్వనిముద్రణను ఏ దేశమునందైనను ఉచితముగా వినవచ్చునని వ్రాసి, చదివినవారిచేతను, పిల్లలైనచో వారి తల్లిదండ్రులచేతను సంతకములు చేయించుకొనవలెను. జీవించియున్న మన రచయితలును తమ తరువాతి ఒప్పందమున రెండు మాటలు చేర్పించుకొనవచ్చును: ‘ఆడియో’ అని ఒకటి, ‘ప్రపంచమంతట’ అని మరియొకటి. వానిని చేర్చుటకు అర గంట చాలును. వారసులు వెదకుకొనవలసివచ్చినచో అరువది యేండ్లు పట్టును.