నెయివేలి బొగ్గు – పరిశోధన ధనము

గనినుండి తీసిన నెయివేలి లిగ్నైటునందు సుమారు సగము నీరే. ఆ తడి నార్పుటకే వేడిమిలో కొంత వ్యయమగును. కావున అంతే విద్యుత్తునకు మేలిరకపు బొగ్గుకంటె ఎక్కువ బొగ్గుపులుసు వాయువు వెలువడుచున్నది.

2024 జనవరిలో కేంద్ర మంత్రివర్గమువారు బొగ్గును, లిగ్నైటును వాయురూపమునకు మార్చు పరిశ్రమలకు 8,500 కోట్ల రూపాయల ప్రోత్సాహకమును మంజూరు చేసిరి. సంతోషింపదగినదే. కాని అందు స్వదేశీ పద్ధతులను పరీక్షించు నమూనా కర్మాగారములకును, చిన్న కర్మాగారములకును కలిపి కేటాయించినది 600 కోట్లు మాత్రమే! వాయురూపమునకు మార్చినంత మాత్రమున బొగ్గు నిర్దోషము కాదు. బొగ్గుపులుసు వాయువును వేరుచేయుట సులభమగును, నిజమే. వేరుచేసి మరల ఆకాశమునకే విడిచినచో ప్రయోజనమేమి? దానిని నిలువచేయుటయో, వినియోగించుటయో ఎట్లన్నది నేర్వవలసిన విద్య. ధనము ముఖ్యముగా అటు ప్రవహింపవలెనని మా అభిప్రాయము.

నెయివేలికి ఈ పని క్రొత్తది కాదు. 1960ల దశకముననే అచట లిగ్నైటు వాయువుతో యూరియా తయారుచేసిరి. ఆ ఎరువుల కర్మాగారము పిదప మూతపడినది. నాటి అనుభవమంతయు నిప్పుడే బీరువాలో నున్నదో! మరల నట్లు కాకుండుటకు, ప్రజాధనముతో సాగు ప్రతి ప్రయోగముయొక్క ఫలితమును, విఫలమైనచో దాని కారణములనుగూడ, ప్రకటింపవలెనని ప్రభుత్వమువారు షరతు విధింపవలెను. ఆ గనులకై భూములు వదలుకొనిన కడలూరు జిల్లా రైతులకైనను అవి వారి భాషలో తెలియవలదా?