ఉయ్యాల వయసు ఆటలు
మూడు నెలలు నిండని బిడ్డకు ఆటలేమిటి అంటారా? అప్పుడే పుట్టిన పాపాయికి 20–30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నవే కాస్త తేటగా కనిపిస్తాయి. పాలిచ్చేటప్పుడు అమ్మ మొహం ఉండేది దాదాపు అంత దూరంలోనే. అందుకే ఈ సంచికలో బొమ్మల దుకాణాల ఊసు తక్కువ. మీరు ‘ఊ’ అనండి, ఆగండి, పాపాయి ‘ఊ’ కోసం చూడండి. ఆ ఆగడమే మన పెద్దవాళ్లకు చేతకాదు! మెలకువగా ఉన్నప్పుడు, మీ కళ్లెదుటే, కాసేపు బోర్లా పడుకోబెడితే మెడ, భుజాలు బలపడతాయి. నిద్రకు మాత్రం వెల్లకిలానే. కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తూ అమ్మమ్మలు చెప్పే కబుర్లూ ఆట కిందే లెక్క. బిడ్డ మొహం తిప్పుకుంటే, ఆవలిస్తే ఇక చాలన్నట్టే. అలాంటి సైగల గురించి లోపలి పేజీల్లో వివరంగా చదవండి.